పోయిన ముఖమును తిరిగి యిచ్చిన వైద్యుడు – సర్ హెరాల్డ్ గిలీస్

మానవునకు మానమెక్కడ నుండునని మన తెలుగు భాష నడిగినచో, ముఖముననే యని బదులు చెప్పును. తప్పు చేసినవానికి నలుగురిలో ముఖము చెల్లదందురు. సిగ్గుపడినవాడు ముఖము చాటు చేసికొనును. అలిగినవాడు ముఖము త్రిప్పుకొనును. చిరకాలమునకు వచ్చిన చుట్టమును, నీ ముఖము చూచి ఎన్నాళ్లయినదని పలుకరింతురు. శూర్పణఖ కథ వినని పల్లె తెలుగునాట లేదు. ఆ కథలో ఆమెకు ప్రాణము పోలేదు; పోయినవి ముక్కును చెవులును మాత్రమే. ఐనను అందుండియే లంక కాలునంతటి యుద్ధము పుట్టెను.

కాలు విరిగినవానిని చూచి లోకము జాలిపడును. ముఖము చెడినవానిని చూచి అదే లోకము చూపు మరల్చుకొనును. అతడు బలవంతుడై యుండవచ్చును, పని తెలిసినవాడై యుండవచ్చును. కాని వానితో నెదుట నిలిచి మాటాడువారు తగ్గిపోవుదురు. శరీరమునకు తగిలిన గాయము మానినను, ఆ మనుష్యుడు జనములోనికి తిరిగి రాలేకపోవును. ఈ దుఃఖమును గుర్తించి, దానిని తీర్చుట కూడ వైద్యుని విధియేయని నమ్మి, జీవితమంతయు ధారపోసిన మహనీయుడు సర్ హెరాల్డ్ గిలీస్.

విశాఖపట్టణము వంటి నగరములో ఈయన చరిత్ర తెలిసికొనదగినది. 1933లో అచ్చట పెద్ద ఓడరేవు వెలసెను. ఉక్కు కర్మాగారమునకు 1971లో పునాదిరాయి పడెను. ఓడలు, క్రేనులు, కొలుములు, లారీలు ఉన్నచోట అన్నముతోపాటు అపాయమును ఉండును. సముద్రతీరమునకు చేరువనున్న కింగ్ జార్జి ఆసుపత్రిలో, చీలిన పెదవిని, తెగిన కనురెప్పను, ఊడివచ్చిన చెవితమ్మెను తిరిగి కూర్చు వైద్యవిభాగమొకటి కలదు. ప్రపంచమున నేడు ఎక్కడ నిట్టి పని జరిగినను, ఆ పనికి క్రమమును, సూత్రములను ఏర్పరచినవారిలో మొదట చెప్పదగినవాడు గిలీస్.

బాల్యము – విద్య

హెరాల్డ్ గిలీస్ 1882వ సంవత్సరము జూన్ 17వ తేదీన న్యూజీలండ్ దేశములోని డునెడిన్ పట్టణమున జన్మించెను. ఎనమండుగురు బిడ్డలలో ఈయన కడసారివాడు. తండ్రి రాబర్ట్ గిలీస్ పార్లమెంటు సభ్యుడుగా పనిచేసినవాడు. నక్షత్రములను పరిశీలించుటయందు మిక్కిలి మక్కువ గలవాడు. హెరాల్డ్ పసివాడై యుండగనే ఆ తండ్రి గతించెను. చిన్ననాడే బాలుని మోచేయి విరిగి, అతికిన పిదప కొంత బిగుసుకొని పోయెను. ఆ కొరత జీవితాంతము వానిని వీడలేదు. ఐనను ఆ చేతితోనే క్రికెట్ ఆడెను, పడవ నడపెను, గోల్ఫు ఆటలో దేశము మెచ్చు ఆటగాడయ్యెను, తుదకు ప్రపంచము మెచ్చు శస్త్రవైద్యుడయ్యెను.

వాంగనుయి పట్టణమునందలి పాఠశాలలో చదువు ముగించి, పై చదువునకై ఇంగ్లండు వెళ్లి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చేరెను. 1904లో ఆక్స్‌ఫర్డుతో జరిగిన సుప్రసిద్ధమైన పడవపందెములో కేంబ్రిడ్జి పక్షమున తెడ్డు వేసెను. పిమ్మట లండనులోని సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రిలో వైద్యము నభ్యసించి, 1910లో శస్త్రవైద్యుల రాజకళాశాల ఫెలో పట్టమును బడసెను. మరుసటి సంవత్సరము కాథ్లీన్ జాక్సన్ అను నర్సును వివాహమాడెను. చెవి, ముక్కు, గొంతు వ్యాధుల చికిత్సలో పేరు పొంది, సుఖముగా సంపాదించుకొనుచుండెను. కుంచె పట్టి చిత్రములు వ్రాయుట, ఏటిలో చేపలు పట్టుట, మిత్రులను వేషములతో ఏడిపించి నవ్వించుట ఆయనకు వినోదములు. యుద్ధము రాకయున్నచో, ధనవంతుల గొంతులకు వైద్యము చేసిన మంచి వైద్యుడుగనే ఆయన జీవితము గడచిపోయి యుండెడిది.

యుద్ధభూమి చూపిన దారి

1914లో మొదటి ప్రపంచయుద్ధము పుట్టెను. 1915లో గిలీస్ రెడ్ క్రాస్ సంస్థ పక్షమున ఫ్రాన్సు దేశమునకు వెళ్లెను. ఆ యుద్ధము పూర్వపు యుద్ధముల వంటిది కాదు. సైనికులు నేలలో కందకములు త్రవ్వుకొని, వానిలో నెలలకొలది నిలిచి పోరాడిరి. కందకము దేహమును కాపాడును. కాని శత్రువును చూచుటకు తల యెత్తిన క్షణమున తుపాకిగుండు ముఖమునకే తగులును. ఫిరంగిగుండు ప్రేలినప్పుడు వాడియైన ఇనుపముక్కలు చెదరి దవడను, ముక్కును, చెంపను చీల్చుకొనిపోవును. ఉక్కుశిరస్త్రాణము నెత్తిని కాచినది గాని ముఖమును కాచలేదు. ఇట్లు పూర్వమైనచో మరణించి యుండవలసినవారు అనేకులు ప్రాణములతో మిగిలిరి; వారి ముఖములు మాత్రము మిగులలేదు.

బులోన్ రేవునకు చేరువనున్న విమెరో అను చోట గిలీస్‌కు వాలడియే అను దంతవైద్యుడు కనబడెను. ఖరీదైన తన మోటారుబండిలోనే పండ్లవైద్యపు కుర్చీ నమర్చుకొని యుద్ధరంగమున తిరిగిన విచిత్రపురుషుడతడు. విరిగిన దవడలను నిలబెట్టి, ఎముకను తిరిగి పెంచుటకు అతడు ప్రయత్నములు చేయుచుండెను. శస్త్రవైద్యుని పర్యవేక్షణ లేక అతడు కత్తి పట్టరాదని నియమమున్నందున గిలీస్ అచ్చట నుండవలసి వచ్చెను. కాపలాకు నిలిచినవాడే శిష్యుడయ్యెను. తరువాత పారిస్ నగరమునకు పోయి, మొరెస్టాన్ అను గొప్ప శస్త్రవైద్యుడు ఒక రోగి ముఖము మీది పుట్టకురుపును కోసి తీసి, ఆ గుంటను ప్రక్క చర్మముతోనే కప్పుటను కనులార చూచెను. ఆ దృశ్యము గిలీస్ జీవితగతిని మార్చివేసెను. మరియొకమారు చూడబోయినప్పుడు మొరెస్టాన్ ఆయనను లోనికి రానీయలేదు. తాను నేర్చిన విద్యను గిలీస్ ఎన్నడును అట్లు దాచుకొనలేదు.

భారతదేశపు పాతవిద్య

ముఖమును మరల కట్టు విద్యకు పుట్టినిల్లు మన దేశమే. సుశ్రుతసంహితలో తెగిన చెవితమ్మెలను కూర్చు పదునైదు విధములు చెప్పబడినవి. తెగిన ముక్కునకు సరిపోవు కొలతతో ఒక ఆకును కత్తిరించి, ఆ కొలత చొప్పున చెంప చర్మమును ఒకప్రక్క విడువక చెక్కి, ముక్కుపై మలచి, ఊపిరికై రెండు గొట్టములు నిలిపి కట్టు కట్టవలెనని అందు విధింపబడినది. కాలక్రమమున చెంపకు బదులు నొసటి చర్మమును వాడు పద్ధతి దేశమున ఏర్పడెను.

1792 ప్రాంతమున టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధములో, ఇంగ్లీషువారి సైన్యమునకు ఎడ్లబండి తోలిన కావస్‌జీ అను నతడు పట్టుబడి ముక్కు కోయబడెను. ఏడాది గడచిన తరువాత పూనా ప్రాంతమున ఇటుకలు చేయు కులమునకు చెందిన ఒక శస్త్రకారుడు, ఇద్దరు ఇంగ్లీషు వైద్యులు చూచుచుండగా, మైనముతో కొలత తీసి, నొసటి చర్మమును క్రిందికి త్రిప్పి, వానికి క్రొత్త ముక్కు కట్టెను. 1794లో ఈ వృత్తాంతము బొమ్మతో సహా లండనులోని ఒక మాసపత్రికలో అచ్చయ్యెను. దానిని చదివిన కార్ప్యూ అను వైద్యుడు చిరకాలము శవములపై సాధన చేసి, 1814లో ఇంగ్లండున మొదటిసారిగా ఆ చికిత్సను జరిపెను. నొసటి చర్మముతో ముక్కు కట్టు విధానమునకు పాశ్చాత్యవైద్యులు భారతీయ పద్ధతియనియే పేరు పెట్టిరి. గిలీస్ కూడ తన రోగులకు ఆ పద్ధతిని అనేకమారులు వాడెను.

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. బండివాని పేరు పత్రికలో నిలిచెను. చూచిన వైద్యుల పేర్లు నిలిచెను. ముక్కు కట్టిన శస్త్రకారుని పేరు మాత్రము ఎవ్వరును వ్రాసి యుంచలేదు. ఆ విద్య తండ్రినుండి కొడుకునకు చేతితో చేతికి వచ్చినది. వానిచే పుస్తకమున కెక్కలేదు.

ఈ చికిత్సకు ప్లాస్టిక్ సర్జరీయని పేరు. ఈ పేరును విని, ముఖమునకు ప్లాస్టిక్ వస్తువు నేదో అతికింతురని తలచువారు కలరు. అది పొరపాటు. మలచుట యను అర్థము గల ప్రాచీన గ్రీకు పదమునుండి ఆ పేరు వచ్చినది. కుమ్మరి మట్టిని మలచినట్లు రోగి సొంత చర్మమును, మాంసమును మలచుటయే ఈ విద్య.

ఆల్డర్‌షాట్ ఆసుపత్రి

గిలీస్ ఇంగ్లండునకు తిరిగి వచ్చి, ముఖమునకు గాయములైనవారికి ప్రత్యేకముగ ఒక ఆసుపత్రి యుండవలెనని సైనికవైద్యాధికారులతో వాదించెను. అప్పటి ముఖ్యశస్త్రవైద్యుడైన సర్ విలియమ్ ఆర్బత్‌నాట్ లేన్ అంగీకరించెను. 1916 జనవరిలో ఆల్డర్‌షాట్ సైనిక ఆసుపత్రిలో ఆయనకు చోటు దొరకెను. చోటు దొరకినను రోగులు రావలెను గదా. యుద్ధరంగమున నున్న వైద్యులకు ఇట్టి ఆసుపత్రి యొకటి యున్నదనియే తెలియదు. అంతట గిలీస్ పది పౌనుల సొంతసొమ్ముతో చీటీలు కొని, వానిపై తన ఆసుపత్రి చిరునామా వ్రాయించి, ముఖమునకు గాయమైనవారి చొక్కాలకు వీనిని కట్టి పంపవలసినదని యుద్ధకార్యాలయమునకు అందజేసెను. కొలది దినములలో, ఆ చీటీలు కట్టుకొని గాయపడినవారు రాసాగిరి.

1916 జూలై 1వ తేదీన సొమ్ నదీప్రాంతమున ఘోరసంగ్రామము మొదలయ్యెను. ఆ ఒక్క దినముననే బ్రిటిషు సైనికులు 19,000 మందికి పైగా మడిసిరి. ముఖమునకు గాయములైనవారు 200 మంది వత్తురని గిలీస్ పడకలు సిద్ధము చేసి యుండెను. వచ్చినవారు 2,000 మంది.

తొలిదినములలో ఆయనకు గురువులు లేరు, గ్రంథములు లేవు. చేసిన తప్పులే గురువులయ్యెను. అంతకు పూర్వము వైద్యులు గాయపు అంచులను దగ్గరకు లాగి కుట్టివేసెడివారు. పైకి గాయము మానినట్లే కనబడును. కాని లోన పోయిన భాగము పోయినట్లే యుండుటచే, మచ్చ ముడుచుకొని నోరు ప్రక్కకు లాగుకొనిపోవును, కనురెప్ప మూతపడదు. గిలీస్ ఇందులకు విరుద్ధమైన మార్గము పట్టెను. ముందుగా, మిగిలియున్న ప్రతి భాగమును దాని సహజస్థానమునకు చేర్చవలెను. అప్పుడు గాయము పెద్దదిగా తెరచుకొన్నను భయపడరాదు. నిజముగ పోయినదెంతయో అప్పుడే తెలియును. పిదప పోయినదానికి బదులు దానివంటిదానినే తెచ్చి పెట్టవలెను. పైచర్మము మాత్రమే చాలదు. లోపలి పొర, నిలబెట్టు ఆధారము, పైకప్పు అను మూడును కావలెను. ఇల్లు కట్టువాడు పైపూత చూచుకొని గోడ మరచినచో ఇల్లు నిలుచునా?

ఈ పనిలో ఆయన ఒంటరిగా లేడు. కెల్సీ ఫ్రై అను దంతవైద్యుడు ఎముకను, పండ్లను తన వంతుగా గైకొనెను. చర్మము, క్రొవ్వు, కండరము, పెదవి, కనురెప్ప మొదలగు మెత్తని భాగములను గిలీస్ తన వంతుగా తీసికొనెను. ఒకరి పని ముగియక మరియొకరి పని సాగదు. హెన్రీ టాంక్స్ అను చిత్రకారుడు, పూర్వము శస్త్రవైద్యుడై యుండి కుంచె పట్టినవాడు, పలువురు రోగుల ముఖములను రంగులలో చిత్రించెను. ఆ చిత్రములు నేటికిని భద్రముగ నున్నవి.

చర్మపు గొట్టము

ముఖముపై పెద్ద గాయమునకు కావలసినంత చర్మము ముఖముననే దొరకదు. రొమ్మునుండియో భుజమునుండియో తేవలెను. చర్మమును మందముగ కోసి తెచ్చి అతికించినచో రక్తము అందక అది నల్లబడి చచ్చిపోవును. మామిడి అంటు కట్టువారికి ఈ చిక్కు సులభముగ బోధపడును. చిన్నమొక్కను తల్లిచెట్టు కొమ్మ చెంతకు చేర్చి, రెండింటిని చెక్కి కలిపి కట్టుదురు. కొమ్మను తల్లినుండి వెంటనే కోయరు. రెండును అతుకుకొని, క్రొత్త వేరునుండి సారము అందిన తరువాతనే తల్లికొమ్మను వేరు చేయుదురు. చర్మము విషయమునను అంతే. ఒక కొసను పాతచోటనే యుంచి, మరియొక కొసను క్రొత్తచోట అతికించి, అక్కడ రక్తము పారునట్లు కుదిరిన పిమ్మటనే పాతకొసను కోయవలెను. కాని ఈ నడిమి వారములలో తెరచియున్న చర్మపు అడుగుభాగము చీముపట్టి చెడిపోవుచుండెను. చీమును హరించు పెన్సిలిన్ వంటి మందులు అప్పటికి లేవు.

1917 అక్టోబరు 3వ తేదీన, జట్లండ్ నౌకాయుద్ధమున ముఖము కాలిపోయిన ఒక నావికునికి గిలీస్ చికిత్స చేయుచుండెను. రొమ్మునుండి లేపిన చర్మపు పట్టీల అంచులు తమంతట తామే లోనికి చుట్టుకొనుటను ఆయన గమనించెను. ఆ అంచులు రెండింటిని కలిపి కుట్టినచో ఏమగునని ఆయనకు తోచెను. వెంటనే కుట్టెను. పట్టీ గొట్టమయ్యెను. లోపలి పచ్చిభాగము మూసికొనిపోయెను, చీము తగ్గెను, రక్తప్రవాహము నిలకడపడెను. ఇకమీదట చర్మమును రొమ్మునుండి భుజమునకు, భుజమునుండి చెంపకు, మజిలీలు చేయుచు నడిపించుకొని పోవచ్చును. ఇంచుమించు ఆ కాలముననే రష్యా సామ్రాజ్యములోని ఒడెస్సా నగరమున ఫిలాటోవ్ అను కంటివైద్యుడును, బెర్లినులో గాంట్సర్ అను వైద్యుడును, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే ఈ ఉపాయమును కనుగొనిరి. ఐనను దానిని వేలమందికి ఉపయోగపరచి లోకమునకు నేర్పినవాడు గిలీస్.

ఒక మరణము నేర్పిన పాఠము

జయములు మాత్రమే చెప్పినచో ఈ మహనీయుని చరిత్ర అసమగ్రమగును. విమానము కూలి ముఖమంతయు కాలిపోయిన యువకుడొకడు గిలీస్ వద్దకు వచ్చెను. కనురెప్పలు, ముక్కు, పెదవులు ఏవియు సరిగా మిగులలేదు. చిరకాలపు బాధచే అతడు క్రుంగి, మత్తుమందులకు అలవాటుపడి యుండెను. 1918 తొలినెలలలో గిలీస్ వాని రొమ్ముచర్మమును ముఖమంతకు సరిపోవునట్లు పెద్దదిగ లేపి ఒక్కమారుగ ముఖమున కప్పెను. బలహీనమైన ఆ దేహము అంతటి పనికి ఓర్వలేకపోయెను. అతికించిన చర్మము కుళ్లెను. కొన్ని వారములలో యువకుడు మరణించెను.

గిలీస్ ఈ దోషమును ఇతరులపై నెట్టలేదు, కప్పిపుచ్చలేదు. ఒకే దినమున అంతయు సాధింపబూనుటయే తన తప్పని ఒప్పుకొనెను. నాటినుండి ఓర్పు ఆయన వైద్యమునకు మొదటి సూత్రమయ్యెను. రేపు చేయదగిన దానిని నేడు తొందరపడి చేయరాదని శిష్యులకు బోధించెను. లోకములోని ఇతర పనులకు ఇది విపరీతముగ తోచవచ్చును. కాని మొలక వేరూనక ముందే కుదిపినచో చచ్చునని రైతునకు తెలియును. చర్మమును అట్టిదే. కొందరు రోగులకు ఆయన సంవత్సరములకొలది పదులసంఖ్యలో చికిత్సలు జరిపెను.

అద్దములు లేని ఆసుపత్రి

ఆల్డర్‌షాట్ చాలక, 1917లో లండనుకు చేరువనున్న సిడ్‌కప్ అను గ్రామమున రాణీగారి పేరిట ఒక పెద్ద ఆసుపత్రి వెలసెను. అనుబంధశాలలతో కలిసి అందు వేయికి పైగా పడకలేర్పడెను. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలండ్, అమెరికా దేశముల వైద్యులు అచ్చటికి వచ్చి పనిచేసి నేర్చుకొనిరి. 1917 నుండి 1925 వరకు 5,000 మందికి పైగా సైనికులకు 11,000కు మించి శస్త్రచికిత్సలు అచ్చట జరిగెను.

ఆ ఆసుపత్రి గదులలో అద్దములుంచరాదని నియమము. అద్దము చూచుకొన్నవాడు బ్రతుకుమీద ఆశ వదలుకొనునని భయము. ఐనను ఎదుటివాని కనులే అద్దములు గదా. గ్రామమునకు పోవు దారిలో కొన్ని బల్లలకు నీలిరంగు వేయించిరి. ఆ బల్లలపై కూర్చుండువారు ముఖము చెడిన సైనికులనియు, చూచి ఉలికిపడరాదనియు గ్రామస్థులకు అది గుర్తు. మంచి ఉద్దేశముతో చేసినదే యైనను, ఆ నీలిబల్ల ఆ సైనికుల ఒంటరితనమును గూడ చాటుచుండెను. చికిత్సకు లొంగని ముఖములకై డెర్వెంట్ వుడ్ అను శిల్పి పలుచని లోహముతో ముసుగులు చేసి, చర్మపు వన్నె వేసి యిచ్చుచుండెను. ఆ ముసుగు నవ్వదు, ఏడ్వదు, వయసు పెరుగదు.

రోగుల మనస్సు నిలబెట్టుటకు గిలీస్ వారితో కలిసి నవ్వెను, ఆటలాడెను. ఆసుపత్రిలో బొమ్మలు చేయుట, వడ్రంగము, కోళ్లపెంపకము వంటి పనులు నేర్పించిరి. కట్టవలసినది ముక్కు మాత్రమే కాదు, మనుష్యుని బ్రతుకు అని ఆ ఆసుపత్రివారు గ్రహించిరి.

మత్తు ఇచ్చు పద్ధతికిని ఇచ్చటనే క్రొత్తదారి యేర్పడెను. వైద్యుడు పనిచేయవలసిన ముఖముననే మత్తుమందు ముసుగు పెట్టినచో పని జరుగునెట్లు? యుద్ధము ముగిసిన కాలమున ఐవన్ మాగిల్, స్టాన్లీ రోబాథమ్ అను ఇద్దరు వైద్యులు శ్వాసనాళములోనికి సన్నని గొట్టమును పంపి, దానిద్వారా మత్తును గాలిని ఇచ్చు పద్ధతిని ఇచ్చట అభివృద్ధి చేసిరి. నేడు ఏ ఊరి ఆసుపత్రిలోనైనను పెద్ద శస్త్రచికిత్స జరుగునపుడు ఆ మార్గమునే అనుసరించుచున్నారు.

యుద్ధానంతరము

1920లో గిలీస్ ముఖమునకు సంబంధించిన తన చికిత్సలను ఛాయాచిత్రములతో, రేఖాచిత్రములతో, తప్పొప్పులతో సహా గ్రంథముగ ప్రకటించెను. పారిస్ నగరమున మూయబడిన తలుపు ఇట్లు లోకమునకంతకు తెరవబడెను. పూనా శస్త్రకారుని చేతితోనే ముగియగల విద్య ఇట్లు అక్షరమునకెక్కి నిలిచెను.

శాంతికాలమున ఈ వైద్యమునకు వెంటనే గౌరవము లభింపలేదు. ఇది అలంకారపు పని గాని వైద్యము కాదని తోడివైద్యులు కొందరు పరిహసించిరి. 1930లో గాని ఆయనకు సర్ బిరుదము రాలేదు. గిలీస్ చలింపక, ప్రమాదముల పాలైనవారికిని, పుట్టుకతోనే పెదవి చీలిన శిశువులకును చికిత్స చేయుచు, శిష్యులను తయారుచేయుచుండెను. 1939లో రెండవ ప్రపంచయుద్ధము మొదలైనప్పుడు బ్రిటను దేశమంతటిలో ఈ విద్యయందు పూర్తిగా నెలకొన్నవారు నలుగురే: గిలీస్, కిల్నర్, మాకిండో, మౌలెమ్. నలుగురిలో ముగ్గురు న్యూజీలండ్‌లో పుట్టినవారే. మాకిండో గిలీస్‌కు బంధువు. విమానములలో కాలిన యువకులకు ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో మాకిండో ముఖములు కట్టెను. బేజింగ్‌స్టోక్ నగరమున రూక్స్‌డౌన్ హవుస్ అను ఆసుపత్రిని గిలీస్ నడిపెను. ఆ యుద్ధజ్వాల 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానముల రూపమున విశాఖ రేవును గూడ తాకెను.

1946లో బ్రిటిషు ప్లాస్టిక్ శస్త్రవైద్యుల సంఘమేర్పడినప్పుడు గిలీస్ దానికి మొదటి అధ్యక్షుడయ్యెను. ఆయన వద్ద నేర్చినవారిలో ముంబయి నగరపు డాక్టర్ అంటియా ఒకడు. ఆయన స్వదేశమునకు వచ్చి, కుష్ఠవ్యాధిచే ముక్కు కూలిపోయిన నిరుపేదలకు ఈ విద్యను వినియోగించెను. వ్యాధి నయమైనను ముఖముమీది గుర్తు చూచి ఊరు వెలివేసినవారికి, ఊరిలోనికి తిరిగి పోవు మార్గము దానిచే ఏర్పడెను. భారతదేశమునుండి పోయిన ముక్కు కట్టు విద్య, నూటయేబది యేండ్లకు పైగా లోకము చుట్టి, పెరిగి, పుట్టింటికి తిరిగి వచ్చినట్లయ్యెను.

చివరి దినములు

ముదిమిలోను గిలీస్ కత్తి వదలలేదు. 1957లో మిలార్డ్ అను అమెరికా శిష్యునితో కలిసి తన జీవితానుభవమంతయు రెండు సంపుటములుగ వెలువరించెను. ఆ సంవత్సరముననే భార్య కాథ్లీన్ గతించెను. పిదప చిరకాలము శస్త్రచికిత్సాలయమున తనకు తోడ్పడిన మార్జొరీ క్లేటన్‌ను వివాహమాడెను. 1960 ఆగస్టు 3వ తేదీన, 78 ఏండ్ల వయస్సున, ఒక యువతి కాలికి శస్త్రచికిత్స చేయుచుండగా ఆయన మెదడులోని రక్తనాళమునకు దెబ్బ తగిలెను. సెప్టెంబరు 10వ తేదీన లండనులో కన్నుమూసెను.

ఆయన జీవితమునుండి గ్రహింపదగినది

గిలీస్ కాలమున ముఖములను చెరచినది ఫిరంగి. నేడు విశాఖ వంటి నగరములలోను, పల్లెలలోను చెరచునవి మోటారుసైకిలు ప్రమాదము, యంత్రము, బాణసంచా, కుక్కకాటు. చికిత్సయు మారినది. సూక్ష్మదర్శినిక్రింద వెండ్రుకవంటి రక్తనాళములను కుట్టి, చర్మమును ఒక్కమారుగ తరలించు నేర్పు వచ్చినందున, గొట్టపు పద్ధతి అవసరము తగ్గినది. కాని మిగిలినదానిని స్వస్థానమునకు చేర్చుట, పోయినదానికి దానివంటిదానిని పెట్టుట, రక్తప్రవాహమును కాపాడుట, తొందరపడకుండుట అను సూత్రములు మారలేదు.

ముఖమునకు రక్తప్రసారము మెండు. కావున గాయము భయంకరముగ కనబడినను, సకాలమున చేర్చినచో బాగుగ అతుకును. శుభ్రమైన బట్టతో అదిమి పట్టి రక్తము నాపవలెను. పసుపు, సున్నము, కాఫీపొడి, పేడ వంటివి గాయమున పెట్టరాదు. వ్రేలాడుచున్న చర్మమును కత్తిరించి పారవేయరాదు. తెగిపడిన చెవిముక్కనో ముక్కుకొసనో తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టి, ఆ సంచిని మంచుగడ్డలపై నుంచి రోగితోకూడ ఆసుపత్రికి కొనిపోవలెను. ముక్కను మంచుకు నేరుగ తగిలింపరాదు. కుక్క కరచినచో వెంటనే సబ్బుతో, పారుచున్న నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము లేకుండ టీకా వేయింపవలెను.

ఇవి వైద్యము చేయవలసిన పనులు. వైద్యుడు చేయలేని పని యొకటి మిగిలియున్నది. మచ్చ పడిన ముఖముతో ఇంటికి తిరిగి వచ్చినవానిని అరుగుమీద కూర్చుండబెట్టి, చూపు మరల్చకుండ వానితో మునుపటివలె మాటాడుట ఊరివారి వంతు. సిడ్‌కప్ గ్రామమున దారిప్రక్క నీలిబల్లలు వేయవలసి వచ్చెను. అట్టి బల్ల అక్కరలేని ఊరు గిలీస్ ఆశయమును నెరవేర్చిన ఊరు.